ఈకలు, పూసలు ఉంటేనే వాళ్ల కళ అంటారా?

ఎన్నాళ్ల నుంచో అనాలనుకుంటున్నా, ఇవాళ అనేస్తున్నా. నేటివ్ అమెరికన్ ఆర్ట్, అంటే అమెరికా ఆదివాసీ తెగల కళ, అనగానే మనవాళ్లకి ఈకల కిరీటం, పూసల దండలు, గుర్రం మీద పెద్దాయన, ఇవే గుర్తొస్తాయి. ఎప్పుడో అయిపోయిన జనం సంగతి అన్నట్టు మాట్లాడతారు. నాకు మండేది అక్కడే.

ఎడ్గార్ హీప్ ఆఫ్ బర్డ్స్ అని షయెన్ అనే ఆదివాసీ తెగ ఆర్టిస్ట్ ఒకరు ఉన్నారు, 1954లో పుట్టారు, ఓక్లహోమా యూనివర్సిటీలో చాలా ఏళ్లు పాఠాలు చెప్పారు. పెయింటింగులు, ప్రింట్లు, గాజు పని అన్నీ చేస్తారు గానీ నన్ను వదలనివి మాత్రం ఆయన రేకు బోర్డులు. అచ్చం రోడ్డు పక్క గవర్నమెంటు బోర్డుల్లాగే ఉంటాయి. 1988లో న్యూయార్క్ సిటీ హాల్ దగ్గర పార్కులో పెట్టారు, పైన న్యూయార్క్ అన్న పేరు కుడి నుంచి ఎడమకి తిరగేసి ఉంటుంది, కింద మామూలు అక్షరాల్లో "ఈరోజు మీకు ఆతిథ్యమిస్తున్నది షినకాక్" అని. షినకాక్ అంటే అక్కడి ఒక ఆదివాసీ తెగ.

ఆ "ఈరోజు" ఉంది చూశారూ, నా గోలంతా దాని గురించే. ఒకప్పుడు ఇక్కడ ఫలానా తెగ ఉండేది అని రాస్తే ఎవరికీ ఏ నొప్పీ లేదు, ఫొటో దిగి వెళ్లిపోతాం. ఇంటివాళ్లు ఇంకా ఉన్నారు, వచ్చిన చుట్టాలు మీరే అంటేనే గుచ్చుకుంటుంది. 2009లో ఇల్లినాయ్ యూనివర్సిటీ క్యాంపస్‌లో ఇలాంటివే పెడితే కొన్ని పాడుచేశారు, కొన్ని ఎత్తుకుపోయారు, అందులో తిట్లేం లేవండీ, తిరగేసి రాసిన ఫైటింగ్ ఇల్లినీ అన్న యూనివర్సిటీ టీము పేరు, కింద ఆ నేల మీద బతికిన తెగల పేర్లు, అంతే!

ఆయన ఇంటిపేరు కథ తెలిస్తే ఇంకా బాధేస్తుంది. 1875లో సైన్యం సంకెళ్లేసి ఫ్లోరిడాలో ఫోర్ట్ మారియన్ జైలుకి పంపిన షయెన్ వాళ్లలో ఈయన పూర్వీకుడొకరు ఉన్నారు. ఆయన పేరుకి చాలా మ్యాగ్‌పై పిట్టలు అని అర్థం, దాన్ని హీప్ ఆఫ్ బర్డ్స్, అంటే పిట్టల కుప్ప, అని ఇంగ్లీషులోకి దించేశారు. ఆయన ఆ జైల్లోనే పోయారు. ఆ తప్పు తర్జుమానే ఇప్పుడు వంశం పేరు, ఆ పేరుతోనే ఈయన లోకానికి తెలుసు. ఐడెంటిటీ గురించి ఇంతకంటే ఏం చెప్పాలి, ఈకలెందుకు ఆయనకి?

డెన్వర్‌లో మనవాళ్లు బోలెడుమంది ఉన్నారుగా, అక్కడి ఆర్ట్ మ్యూజియం బయట ఈయన పెట్టిన పది ఎర్రటి పంగల చెట్ల ఆకారాలు గుండ్రంగా నిలబడి ఉంటాయి, పేరు వీల్, అంటే చక్రం. 1864 నవంబర్ 29న, డెన్వర్ ఉన్న ఆ కొలరాడోలోనే, శాండ్ క్రీక్ దగ్గర సైనికులు ఈయన తెగ షయెన్, ఇంకో తెగ అరాపహో జనాన్ని దాదాపు 230 మందిని చంపేశారు, ఎక్కువమంది ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లే. లోపలికెళ్లే తొందరలో ఆ చెట్లని దాటిపోకండి, మధ్యలో కాసేపు నిలబడండి, వెనక గోడ మీద షయెన్ భాషలో ఒక మాట ఉంటుంది. మేమెప్పుడూ మళ్లీ ఇంటికి తిరిగొస్తూనే ఉంటాం అని దానర్థం.