సందిగ్ధ బిందువు గారికి ఒక వినతిపత్రం

మద్దిలపాలెం,
విశాఖపట్నం.

అయ్యా,

తమకు 'సందిగ్ధ బిందువు' అని పేరు పెట్టిన మన పాఠ్యపుస్తకాల వారికి ముందుగా ఓ దణ్ణం. ఉన్న మాట అన్నారు. తలం మీద కదిలే బిందువు అడ్డంగా ఎంత వేగంతో, నిలువుగా ఎంత వేగంతో పోవాలో చెప్పే రెండు బహుపదులూ ఒకేసారి సున్నా అయిన చోట, కదలిక ఆగిపోయిన చోట తమరు కొలువుంటారు. అంతవరకు గొడవ లేదు. చుట్టూ తిరిగేవాళ్ల గతేమిటో చెప్పమంటేనే నీళ్లు నములుతారు.

1881లో ఫ్రెంచి గణితజ్ఞుడు పాంకారే తమ గోత్రాలు తేల్చాడు: నోడ్ (దారులన్నీ చుట్లు తిరక్కుండా వచ్చి చేరేది, లేదా బయటికి పోయేది), జీను, నాభి (చుట్లు తిరుగుతూ దగ్గరయ్యేది, లేదా దూరమయ్యేది), కేంద్రం (చుట్టూ తిరిగి బయల్దేరిన చోటికే వచ్చేది). జీనుతో నాకు పేచీ లేదు. తమ దగ్గరి సరళ పదాల డిటర్మినెంటు రుణాత్మకమా, జీనే. రెండు దారుల్లో లోపలికొస్తారు, రెండు దారుల్లో పోతారు, మా జగదాంబ జంక్షన్ కన్నా పద్ధతిగా.

నా గోడంతా కేంద్రం గురించే. (మా ఊళ్లో కేంద్రం అంటే ముందు ఢిల్లీ గుర్తొస్తుంది. ఎన్నేళ్లు చుట్టూ తిరిగినా అంతే దూరం. నిర్వచనం సరిగ్గా సరిపోయింది లెండి.)

ఎమ్మెస్సీ పరీక్షలో తమరి ఐగెన్ విలువలు (సరళ పదాల నుంచి వచ్చే, కదలిక తీరు చెప్పే సంఖ్యలు) శుద్ధ కల్పితాలుగా వచ్చాయి, అంటే సరళ పదాల వరకు గుండ్రంగా తిరగడమే. 'కేంద్రం' అని రాసి, గుండ్రాలు గీసి, బాణాలు కూడా పెట్టాను. ఐదుకి సున్నా. పక్కన ఎర్ర సిరాతో: "ఘనపదాలు ఏమయ్యాయి?"

ఇంటికొచ్చి ఆ మూడో ఘాతం పదాలను లెక్కలోకి తెస్తే తెలిసింది, తమరు నాభి. దూరం, తన ఘనమంత వేగంతో తరుగుతోందట. ఒకటి దగ్గర బయల్దేరినవాడు పదో వంతుకి చేరడానికి సుమారు ఎనిమిది చుట్లు. నూరో వంతుకి దాదాపు ఎనిమిది వందలు! నా పేరులో అచ్చుతప్పు దిద్దమని ఒక ఆఫీసులో పెట్టిన అర్జీ కూడా ఇంతకన్నా చురుగ్గా కదిలింది. ఇంత మెల్లగా జారుతుంటే గుండ్రం అనుకోక ఏమనుకుంటాను?

పోనీ, ముందే తెలుసుకునే దారి చెప్పరు. బహుపదులు రెండో డిగ్రీవైతే, నాభా కేంద్రమా తేల్చే మూడు రాశులు లెక్కకట్టి, మూడూ సున్నా అయితే కేంద్రమేనని గణితజ్ఞుడు బౌటిన్ 1952లో ఒడ్డున పడేశాడు. మూడో డిగ్రీకి? ఏ వ్యవస్థకైనా సరిపడేలా ఎన్ని రాశులు చూస్తే చాలో ఇంకా ఎవరూ తేల్చలేదు. తమబోటివాళ్ల చుట్టూ తిరిగే అవధి వలయాలు (పక్క దారులు చుట్లు తిరుగుతూ చేరే, లేదా విడిపోయే ఒంటరి మూసిన దారులు) ఒక వ్యవస్థలో గరిష్ఠంగా ఎన్ని అని జర్మన్ గణితజ్ఞుడు హిల్బర్ట్ 1900లో అడిగాడు. రెండో డిగ్రీకే ఇప్పటికీ జవాబు లేదు. మేం మాత్రం మూడు గంటల్లో రాయాలి.

నిన్న ఎన్ఏడీ జంక్షన్లో, గుండ్రంగా తిరిగే రోడ్డు మీద ఆటోలో ఇదే ఆలోచిస్తూ దిగాల్సిన దారి చెప్పడం మరిచాను. అదే స్తంభం రెండోసారి కనబడింది. ఈసారి కాస్త దగ్గరగా ఉందా, అంతే దూరంలో ఉందా అని మెడ తిప్పి చూస్తున్నాను.

"ఏటి బాబూ, ఎటెళ్లాలి?" అన్నాడు డ్రైవరు.

"ఇంకో చుట్టు తిప్పు, తేలుతుంది" అన్నాను.

తేలలేదు. ఇరవై రూపాయలు ఎక్కువ తీసుకున్నాడు.

ఇట్లు,
ఐదు మార్కులు పోగొట్టుకున్నవాడు