ఏడు నెలల ప్రకృతికి సంజాయిషీ నోటీసు

గత జూన్ 19 నుంచి ఈ జనవరి మూడో ఆదివారం వరకు మా కాలనీ వెనక చెరువును పరిశీలించే బాధ్యత నుంచి నేను తప్పుకోవలసి వచ్చింది. ఈ కాలంలో సూర్యుడు వేళకు ఉదయించాడని, వానలు కురిశాయని, కప్పలు అరిచాయని, పక్షులు గూళ్లు కట్టుకుని పిల్లల్ని లేపాయని విశ్వసనీయంగా తెలిసింది. వీటిలో దేనికీ నా ముందస్తు అనుమతి లేదు. అయిదేళ్లుగా ప్రతి ఆదివారం తెల్లవారగానే నోటుపుస్తకం, పెన్సిలు పట్టుకుని హైదరాబాద్ శివార్లలోని ఆ గట్టు మీద కూర్చున్న మనిషికి దక్కే మర్యాద ఇదేనా అని బహిరంగంగా అడగదలిచాను.

ముందుగా నా వైపు సంగతి చెప్పుకోవడం ధర్మం. పిట్టల వెంట తిరిగేవాడికి కాలు విరిగిందంటే జనం ఏ కొండచరియనో, ఎలుగుబంటినో ఊహించుకుంటారు. ఆ ఊహను నేను ఇప్పటిదాకా ఎక్కడా ఖండించలేదు. నిజానికి అటక మీది బైనాక్యులర్ అందుకోబోయి ముక్కాలిపీట మీద నుంచి పడ్డాను. పీటకు మూడు కాళ్లు, నాకు రెండు. విరిగింది మాత్రం నాదే. కట్టు ఆరు వారాలు ఉండాలన్నారు డాక్టరు గారు. సరిగ్గా ఆరు వారాలకు విప్పేశారు కూడా. మరి మిగిలిన అయిదున్నర నెలలు ఏమయ్యాయని అడిగే చదువరులు ఎక్కడైనా ఉంటారు. మొదటి నెల నొప్పి ఉంది. రెండో నెల నొప్పి ఉందేమోనన్న అనుమానం ఉంది. ఆ తర్వాత, ఇన్ని వారాలు మానేసినవాడు ఉత్త చేతులతో ఎలా వెళ్తాడు, ఏదైనా గొప్ప సంగతి చూసి గొప్పగా మొదలుపెట్టాలి కదా అన్న పట్టుదల ఒకటి పట్టుకుంది. ఆ గొప్ప సంగతి మా వంటింటి కిటికీలోంచి కనబడలేదు. బల్లి కనబడింది. దాని మీద రెండు వాక్యాలు రాసి కొట్టేశాను.

ఇక అవతలి పక్షం చేసిన అతిక్రమణలు. నేను పడింది ఆరుద్ర కార్తెకు రెండు మూడు రోజుల ముందు. ఆరుద్ర పురుగులు నా కోసం కొద్ది రోజులైనా ఆగలేదు. ఏడాదిలో అత్యధిక భాగం మట్టిలో దాక్కుని, తొలకరి పడ్డాక నాలుగు రోజులు మాత్రం ఎర్ర మఖమలు చుట్టుకుని నేల మీద ఊరేగే జీవులవి. పురుగులని పిలుస్తాం గానీ సాలీళ్లకు దగ్గరి చుట్టాలు, కాళ్లు ఎనిమిది. ఎనిమిది కాళ్లున్నవాళ్లకు ఒంటికాలివాడి కష్టం తెలియదనుకోండి. కప్పల తీరు మరీ విడ్డూరం. ఎండాకాలమంతా మట్టిలో దూరి, ఎవరికీ చెప్పకుండా మాయమై, మొదటి పెద్ద వానకు పసుపు రంగు పులుముకుని బయటికొచ్చి చెరువు అదిరేలా అరుస్తాయి. "అనివార్య కారణాల వల్ల ఇంతకాలం మీ ముందుకు రాలేకపోయాను, మన్నించగలరు" అని ఒక్క కప్పా మొదలుపెట్టగా వినలేదు. నేనైతే ఆ వాక్యాన్ని పదకొండు రకాలుగా రాసి చూసుకున్నాను.

అన్నిటికన్నా బాధించింది గిజిగాడు. జూన్ 18 నాటి పేజీలో నా చేతిరాత స్పష్టంగా ఉంది: "రేపటి నుంచి గూళ్లు లెక్కపెట్టాలి." ఆ రేపు జనవరిలో వచ్చింది. చెరువు మీదికి వంగిన తుమ్మ కొమ్మలకు గూళ్లు ఎండిపోయి వేలాడుతున్నాయి. పూర్తయినవి 23. మూకుడు బోర్లించినట్టు సగంలో ఆగినవి 14. ఈ సగం గూళ్లకు ఒక కథ ఉంది. మగపక్షి గడ్డిపోచలు చీల్చి తెచ్చి సగం గూడు అల్లుతుంది, కొమ్మకు వేలాడుతూ రెక్కలు కొట్టి పిలుస్తుంది. ఆడపక్షి వచ్చి అటూ ఇటూ చూస్తుంది. నచ్చితే మిగతా సగం, కింది గొట్టంతో సహా, పూర్తవుతుంది. నచ్చకపోతే ఆ సగం అలాగే ఉండిపోతుంది, మగపక్షి పక్క కొమ్మ మీద మళ్లీ మొదటి నుంచి మొదలుపెడుతుంది. సగంలో ఆగిన పని 14 చోట్ల బహిరంగంగా వేలాడుతున్నా ఆ జాతికి పరువు పోయినట్టు లేదు. నా పుస్తకంలో సగంలో ఆగిన పేజీ ఒక్కటే. దాన్ని అయిదున్నర నెలలు సొరుగులో దాచాను.

గట్టు మీద గేదెలు మేపే పెద్దాయన కనబడ్డారు. నా గైర్హాజరీ ఆయన్ని ఎంత కలవరపెట్టి ఉంటుందోనని కాస్త కుంటుతూ వెళ్లాను. అవసరమైన దానికన్నా కాస్త ఎక్కువే కుంటాను.

"ఈసారి గిజిగాళ్లు ఎప్పుడు వచ్చాయి పెద్దాయనా?"

"వానలు పడ్డప్పుడు సార్. ఇంకెప్పుడు వస్తాయి?"

"నేను ఏడు నెలలు రాలేదు కదా, అందుకని..."

ఆయన నన్ను పైనుంచి కిందికి చూశారు. "ఫోటోలు తీసే సార్ మీరేనా, ఆయన వేరేనా?"

నేను ఫోటోలు తీయను. ఆ మాట చెప్పలేదు. మా నాయనమ్మ గుర్తుకొచ్చింది. ఆమెకు నోటుపుస్తకం లేదు. ఇరవై ఏడు కార్తెలూ నోటనే ఉండేవి. రోహిణిలో రోళ్లు పగులుతాయని, ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం ఉండదని బియ్యం ఏరుతూనే చెప్పేది. ఒకసారి ఆమె కాలూ విరిగింది. మంచంలో పడుకుని, గాలి వాసన చూసి, సాయంత్రం లోపల వాన వస్తుంది, వడియాలు లోపల పెట్టమంది. పెట్టలేదు. తడిశాయి.

గట్టు మీద నన్ను గుర్తుపట్టింది తీతువు ఒక్కటే అనుకుని ఒక నిమిషం పొంగిపోయాను. నెత్తి మీద చక్కర్లు కొడుతూ గొంతు చించుకుని అరిచింది. తర్వాత వచ్చిన వీధికుక్కను చూసి కూడా అదే స్థాయిలో, అంతే ఆత్మీయంగా అరిచింది.

నా వాదనకు పూర్వ దృష్టాంతం కావాలంటే కలివికోడి ఉంది. 1848లో శాస్త్ర గ్రంథాలకెక్కిన ఈ పక్షి 1900 తర్వాత ఎవరి పుస్తకంలోనూ హాజరు వేయించుకోలేదు. అంతరించిపోయిందని పెద్దలు తేల్చేశారు. 1986లో కడప జిల్లా ముళ్లపొదల్లో, రాత్రిపూట, దీపం వెలుగులో దొరికింది. 86 ఏళ్ల గైర్హాజరు! సంజాయిషీ ఇచ్చిందా? లేదు. పైగా విచారణలో తేలిందేమిటంటే అది ఎక్కడికీ పోలేదట. పగలు దాక్కుని రాత్రి తిరిగే పిట్టను పగలు వెతికి లేదన్నవాళ్లే తప్పు చేశారట. చుట్టుపక్కల పల్లెల్లో దానికి చక్కగా పేరు కూడా ఉందట. ఉన్న పిట్టకు పేరు ఉండటం ఆ పల్లెల్లో ఎవరికీ వింతగా తోచలేదు.

కనుక, పరిశీలకుడు సెలవులో ఉన్నప్పుడు ప్రకృతి కదలకుండా ఆగి ఉండాలని ఒక నిబంధన తేవలసిన సమయం వచ్చింది. ఇది అసాధ్యమనేవాళ్లకు దసరానాటి పాలపిట్టను చూపిస్తాను. పాలపిట్ట తెలంగాణ రాష్ట్ర పక్షి. ఉమ్మడి రాష్ట్రానికీ అదే ఉండేది. విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్ రామచిలుకను ఎంచుకుంది, పాలపిట్టకు మాత్రం ఆ ఉత్తర్వు అందక రెండు వైపులా తిరుగుతోంది. దసరా రోజు దాన్ని చూస్తే శుభమని జనం ఊరి బయటికి వెళ్లేవారు. ఊరి బయట అనేది దూరమయ్యాక ఏర్పాటు మారింది. పిట్టను ముందే పట్టి, రెక్కలు కట్టి, పంజరంలో పెట్టి వీధిలోకే తెస్తారు. పది రూపాయలో, యాభై రూపాయలో ఇచ్చి శుభం చూసుకోవచ్చు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇది నేరమే గానీ పండగ పూట చట్టానికీ సెలవు. ఈ దసరాకు నా కట్టు విప్పి రెండు నెలలు దాటింది. గట్టు ఇంటికి అరకిలోమీటరు. అటు వెళ్లలేదు. వీధిలోకి పంజరం వచ్చింది, గేటు దగ్గర నిలబడి చూశాను. ఒక్క అంగుళం కదలలేదు. నేను కోరే ప్రకృతి సరిగ్గా అలాంటిదే. మనం ఎప్పుడు చూసినా పెట్టినచోటే ఉంటుంది. చూసిన మూడో రోజు ఉందో లేదో అడగలేదు.

న్యాయంగా ఒక్కరిని మెచ్చుకోవాలి. నేను రాని రోజుల్లో చెరువుకు క్రమం తప్పకుండా వచ్చినవాడు మట్టి లారీ డ్రైవరు. రాత్రి పదకొండు దాటాక వస్తాడని, ఎండా వానా చూడడని పెద్దాయన చెప్పారు. నా పుస్తకం ప్రకారం తూర్పు గట్టు నుంచి నీటికి ముప్ఫై అడుగులు. ఇప్పుడు అడుగులు వేస్తే డెబ్బై వచ్చాయి, కుంటినడక తీసేసినా. ఆ చోట పగిలిన టైల్సు, కూల్చిన గోడల ముక్కలు, వాటి మీద చదును చేసిన ఎర్రమట్టి. మిగిలిన నీటి మీద గుర్రపుడెక్క. ఎక్కడో దక్షిణ అమెరికాలో పుట్టిన మొక్క, అనుకూలిస్తే రెండు వారాల్లో రెట్టింపవుతుంది. ఒక్క మొక్కతో మొదలైనా ఏడు నెలల్లో పదిహేను రెట్టింపులు, అంటే 32 వేల పైచిలుకు. వీళ్లెవరికీ గొప్పగా మొదలుపెట్టాలన్న పట్టుదల లేదు.

లారీ సంగతి అధికారులకు రాద్దామంటే తేదీలు కావాలి. తేదీలు పుస్తకంలో ఉండాలి. పుస్తకంలో జూన్ 18 తర్వాత జనవరి ఉంది. "రోజూ చూశారు కదా, ఎప్పుడు మొదలైంది?" అని పెద్దాయనను అడిగాను. "వినాయక చవితి ముందు శనివారం" అన్నారు తడుముకోకుండా. మొదటి రాత్రి రెండు లారీలట, గేదె ఈనిన రాత్రట. రాసుకున్నాను.

పెన్సిలు జేబులో పెట్టుకుని లేవబోతుంటే అవతలి ఒడ్డున విరిగిన తాటి మొద్దు మీద నీలంగా ఏదో వాలింది. లకుముకిపిట్ట అయితే ప్రతి ఆదివారం చూసేదే. పాలపిట్ట అయితే, దసరా పోయి సంక్రాంతి దాటినా, పుస్తకంలో కొత్త పేజీకి మొదటి వాక్యం అదే. కళ్లు చికిలించి చూశాను, చెయ్యి అడ్డం పెట్టి చూశాను. తేల్చాలంటే బైనాక్యులర్ ఉండాలి. ఆ రోజు కింద పడింది నేనొక్కడినే. అది ఇంకా అటక మీదే ఉంది.