ఇంప్లాంట్ మీద బాబాయి పంపిన ఫార్వర్డ్

మా చుట్టాల గ్రూపులో మొన్న బాబాయి ఒక ఫార్వర్డ్ పెట్టాడు. "పంటికి ఇంప్లాంట్ వేయించుకుంటున్నారా? ఆగండి!" అని మొదలవుతుంది. ఇంప్లాంట్ అంటే పోయిన పంటి చోట దవడ ఎముకలో స్క్రూ దింపి, దాని మీద పంటి ఆకారపు క్యాప్ బిగించడం. ఎముకకు రంధ్రం చేస్తుంటే నొప్పితో ప్రాణం పోతుందట. పై దవడలో పెడితే చూపు పోతుందట. ఒంట్లో లోహం ఉంటుంది కాబట్టి ఇక ఎంఆర్ఐ తీయరట. షుగర్ ఉన్నవాళ్ళయితే ఆ మాటే ఎత్తకూడదట. ఇంత భయపెట్టి, కింద మాత్రం "పని ఒక్క రోజులో అయిపోతుంది, జన్మంతా చూసుకోనక్కర్లేదు" అంటుంది. పై సగం పిరికివాడొకడు, కింది సగం క్లినిక్ బోర్డు రాసేవాడొకడు కలిసి రాసినట్టుంది.

నాకు కింది దవడ పన్ను ఒకటి పోతే ఆ చోట కిందటేడాది ఇంప్లాంట్ వేయించుకున్నాను. అందుకే ఒక్కో మాటకీ జవాబు చెప్పాలనిపించింది.

ముందు నొప్పి సంగతి. మత్తు ఇంజెక్షన్ గుచ్చినప్పుడు చురుక్కుమంది. నిజంగా నొప్పి అంటే నాకు అదే. ఆ తర్వాత తెలిసేది ఒత్తిడి, అదురు, చప్పుడు. డ్రిల్లు మనం అనుకున్నంత జోరుగా తిరగదు. ఎముక వేడెక్కితే దెబ్బతింటుంది కాబట్టి నెమ్మదిగా తిప్పుతూ పైనుంచి సెలైన్ పోస్తుంటారు. ఆ నీళ్ళు గొంతులోకి పోతాయేమోనన్న టెన్షనే నాకు ఎక్కువైంది. చివర్లో స్క్రూ బిగించేటప్పుడు చిన్న రెంచితో కిటకిటమని తిప్పారు. సైకిల్ షాపులో కూర్చున్నట్టుంది. మత్తు దిగాక సలుపు వచ్చింది, మాత్రలకు తగ్గింది. వాపు మాత్రం రెండో రోజు ఎక్కువైంది. ఇది ముందే తెలియకపోతే ఏదో తేడా జరిగిందని కంగారు పడతాం. మొదటి రోజు గట్టిగా పుక్కిలించకూడదు, స్ట్రాతో తాగకూడదు. నాలుగు రోజులు మెత్తటి పెరుగన్నం, ఇడ్లీ. అదే దవడ పన్ను రెండేళ్ళ క్రితం పీకించుకున్నప్పుడు పడ్డ బాధ ఇంతకంటే ఎక్కువ.

"చూపు పోతుంది" అన్నది మన ఇళ్ళలో పై పన్ను పీకించుకోవడం గురించి చెప్పే పాత మాటే. ఇప్పుడు ఇంప్లాంట్‌కి తగిలించారు. పంటికి స్పర్శ తెచ్చే నరం వేరు, చూపు నరం వేరు. పై దవడలో వెనక పళ్ళ దగ్గర చూడాల్సింది సైనస్‌ని, అంటే ముక్కు పక్కన గాలి ఉండే ఖాళీ గదిని. అక్కడ ఎముక పలచగా ఉంటే ముందు ఎముక పొడి వేసి పెంచాల్సి రావచ్చు. అసలు భయపడాల్సిన నరం ఒకటుంది. అది కింది దవడ ఎముక లోపలి నుంచి పోతుంది. స్క్రూ దానికి తగిలితే కింది పెదవి, గడ్డం తిమ్మిరిగా ఉండిపోవచ్చు. అందుకే సీబీసీటీ అనే త్రీడీ స్కాన్ తీసి, నరానికి పైన కనీసం 2 మిల్లీమీటర్లు వదిలి స్క్రూ పొడవు ఎంచుతారు. ఫార్వర్డ్ రాసినవాడికి కన్ను గుర్తొచ్చింది కానీ ఈ పెదవి గుర్తురాలేదు.

ఎంఆర్ఐ మాట తేలిక. ఇంప్లాంట్లు ఎక్కువగా టైటానియంతో చేస్తారు, దాన్ని అయస్కాంతం లాగదు. నోటి దగ్గర తీస్తే బొమ్మ కాస్త చెదరొచ్చు, అంతే. స్కానింగ్‌వాళ్ళకి ముందే చెబితే సరి.

షుగర్ విషయంలో సగం నిజముంది. అదుపులో లేకపోతే గాయం మానదు, ఇన్ఫెక్షన్ పట్టుకుంటుంది. అందుకే మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష అడుగుతారు. అదుపులో ఉంటే వేయించుకోవచ్చు. ఫార్వర్డులో లేనివి రెండున్నాయి. ఒకటి సిగరెట్టు. రెండోది ఎముకలు గుల్లబారకుండా వాడే కొన్ని మందులు. అవి వాడుతుంటే డాక్టరుకి ముందే చెప్పాలి. రక్తం పలచబడే మాత్రలు కూడా మనంతట మనం ఆపకూడదు.

ఇక "ఒక్క రోజులో". ఈ మాటకే నాకు ఒళ్ళు మండింది. స్క్రూ దిగడానికి గంట కూడా పట్టలేదు. తర్వాత కుట్లు తీసి మూడు నెలలు ఆగమన్నారు. 1952లో స్వీడన్‌లో బ్రోనెమార్క్ అనే ఆయన కుందేళ్ళ ఎముకలో పెట్టిన టైటానియం పరికరాన్ని తీయబోతే ఊడి రాలేదు, ఎముక దాన్ని పట్టేసుకుంది. 1965లో మొదటిసారి మనిషి దవడలో పెట్టారు. ఈ పని మొత్తం ఆ పట్టు మీదే నడుస్తుంది, ఆ పట్టు రావడానికి నెలలు కావాలి. పై దవడ ఎముక మెత్తన, అక్కడ ఆరు నెలలు కూడా ఆగమనొచ్చు. ముందు పళ్ళ దగ్గర ఎముక గట్టిగా పట్టినప్పుడు అదే రోజు తాత్కాలిక పన్ను పెట్టడం ఉంది, అయితే దాంతో చేగోడీలు నమలడానికి కాదు.

ఆ మూడు నెలలూ చిగురు మీద వెండి బొత్తంలాంటి మూత ఉండేది. నాలుక ఊరికే అక్కడికే పోయేది. గడువు తీరాక డాక్టరు అద్దం కాడతో దాని మీద తట్టారు. గంట కొట్టినట్టు ఖణేల్‌మంది. "పట్టేసిందండీ" అన్నారు. అందరికీ ఇలా పట్టాలని లేదు, కొద్దిమందికి వదులై ఊడుతుంది. అప్పుడు తీసేసి, గాయం మానాక చాలావరకు మళ్ళీ వేయవచ్చు. నాకు కొలతలు తీసి, పైన క్యాప్ బిగించడానికి ఇంకో రెండు వారాలు పట్టింది.

"జన్మంతా చూసుకోనక్కర్లేదు" అన్నది వీటన్నిటిలోకీ ప్రమాదకరం. ఇంప్లాంట్ పుచ్చదు, నిజమే. కానీ చుట్టూ పాచి చేరితే చిగురు వాచి, కింద ఎముక నెమ్మదిగా కరుగుతుంది. నొప్పి చాలాకాలం తెలియకపోవచ్చు. నేను రోజూ రాత్రి సన్న బ్రష్షు దూర్చి క్యాప్ పక్కలు తోముతున్నాను, ఆరు నెలలకోసారి వెళ్ళి చూపించుకుంటున్నాను.

ఇదంతా గ్రూపులో పెట్టగానే బాబాయి ఫోన్ చేసి ఖర్చెంత అన్నాడు. చెప్పిన ధరలో స్క్రూ, దాన్నీ క్యాప్‌నీ కలిపే మధ్య ముక్క, క్యాప్ మూడూ ఉన్నాయో లేదో, ఎముక పొడి వేయాల్సొస్తే అది విడిగానో అడగమన్నాను. స్క్రూ డబ్బా మీద కంపెనీ పేరు, లాట్ నంబరు ఉన్న స్టిక్కరు ఉంటుంది, అది అడిగి తీసుకోమని కూడా చెప్పాను. పదేళ్ళ తర్వాత వేరే ఊళ్ళో క్యాప్ వదులైతే, ఏ కంపెనీదో తెలియక అక్కడి డాక్టరు దగ్గరున్న స్క్రూడ్రైవరు దానికి సరిపోకపోవచ్చు. నా స్టిక్కరు పర్సులో ఆధార్ కార్డు వెనకుంది.