రింగు బిగిస్తే పవర్ పెరగదు

"బోర్ చేయించేటప్పుడు రింగులు లావుగా, బిగుతుగా వేయించుకోండి. గ్యాప్ కనపడకూడదు. బోర్ అద్దంలా మెరవాలి. నీలం పొగ వచ్చిందంటే రింగులు పోయినట్టే." బైకుల వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతున్న సలహా ఇది. బోర్ అంటే పిస్టన్ ఆడే సిలిండర్ లోపలి గుండ్రటి గోడ; అరిగితే దాన్ని మళ్లీ చెక్కించడమే బోర్ చేయించడం. రింగులు పిస్టన్ చుట్టూ గాడుల్లో కూర్చునే లోహపు వలయాలు; రింగు రెండు కొసల మధ్య ఖాళీయే గ్యాప్. పై సలహాలో నాలుగు మాటలూ తిరకాసువే.

బిగుతు సంగతి ముందు. రింగు తన స్ప్రింగ్ బలంతోనే గ్యాస్‌ను ఆపుతుందనుకుంటారు చాలామంది. ఆ బలం మొదట బోర్‌కు ఆనుకోవడానికే. మంట అంటుకోగానే గ్యాస్ ఒత్తిడి గాడిలోకి దిగి, రింగు వెనక చేరి, దాన్ని బోర్ మీదికి తోస్తుంది. ఒత్తిడి పెరిగేకొద్దీ సీలు దానంతటదే బిగుస్తుంది. ఇప్పటి కార్లలో పై రింగు మందం 1-1.2 మిల్లీమీటర్లకు తగ్గినా గ్యాస్ ఆగుతున్నది అందుకే. అనవసరపు బిగుతు వల్ల పెరిగేది రాపిడి. పవర్ ఇచ్చేది ఒక్క స్ట్రోకు, రింగు ఒరుసుకునేది నాలుగింటిలోనూ. బోర్ మీది అదనపు ఆయిల్‌ను గీకే అడుగు రింగుకు (ఆయిల్ రింగు) మాత్రం గ్యాస్ సాయం ఉండదు, దానికి స్ప్రింగే దిక్కు. ఇక లావు రింగంటారా, అది గాడిలో పట్టాలి కదా!

గ్యాప్ లేకుండా వేయించుకోవడం మరీ ప్రమాదం. 50 మిల్లీమీటర్ల బోర్ (సిలిండర్ లోపలి వ్యాసం) ఉన్న 100 సీసీ బండినే తీసుకోండి. రింగు చుట్టుకొలత దాదాపు 157 మిల్లీమీటర్లు. సిలిండర్ గోడ కంటే రింగు 100 డిగ్రీలు ఎక్కువ వేడెక్కిందనుకుంటే, పోతఇనుము సుమారు 0.17 మిల్లీమీటర్లు సాగుతుంది. ఆ చోటు లేకపోతే కొసలు రెండూ ఢీకొని రింగు బోర్‌ను గీకేస్తుంది, లేదా విరుగుతుంది. ఈ సైజుకు 0.2 మిల్లీమీటర్ల దరిదాపుల్లో గ్యాప్ వదిలేది అందుకే. కచ్చితమైన అంకె మాన్యువల్లో ఉంటుంది. రింగును బోర్‌లో పెట్టి సన్నని రేకుల ఫీలర్ గేజితో గ్యాప్ కొలవని మెకానిక్‌కు ఇంజన్ అప్పగించకండి.

అద్దంలా మెరిసే బోర్ మీద ఆయిల్ నిలవదు, కొత్త రింగులు ఒదగవు. హోనింగ్‌లో, అంటే బోర్‌ను సానరాళ్లతో రుద్దేటప్పుడు, అడ్డదిడ్డంగా పడినట్టు కనిపించే గీతలు కావాలని వేసినవే.

పొగ విషయానికొస్తే, పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు కాసేపు వచ్చి ఆగిపోతే ముందు వాల్వుల దగ్గర ఆయిల్ లోపలికి కారకుండా ఆపే వాల్వ్ సీళ్లను అనుమానించాలి. ఇంజన్ దించే ముందు కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి నొక్కుకున్నప్పటి ఒత్తిడి) చూడమనండి. తక్కువుంటే ప్లగ్గు రంధ్రంలో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూడాలి. పెరిగితే తప్పు రింగులదో బోర్‌దో. పెరగకపోతే హెడ్ విప్పి వాల్వులు చూడాలి.