ఐదు నోళ్లు, ఒక టర్నిప్

అడవి జంతువు తల్లిగా ఆడే వీడియో గేముల గురించి రాసేవాళ్లంతా కన్నీళ్ల దగ్గరే ఆగిపోతున్నారు. ‘షెల్టర్’ ఆడి ఏడ్చాం, ‘ఎండ్లింగ్’ చివరికొచ్చేసరికి గొంతు పూడుకుపోయింది... యూట్యూబ్ నిండా ఇవే మాటలు. ఏడుపు అబద్ధమని కాదు. కానీ ఏడిపించడం చేతగాని కళ ఏముంది? ఈ ఆటల్లో గట్టి సరుకు వేరే ఉంది. ఉన్న తిండి ఎంత, తెరుచుకున్న నోళ్లెన్ని, తెల్లవారడానికి ఎంత సమయముంది అనే లెక్క అది. అడవిలో తల్లి బతుకంతా ఆ లెక్కే. దాన్ని ఈ ఆటలు చూపించినంత సూటిగా మన వన్యప్రాణి డాక్యుమెంటరీలు కూడా చూపించవు.

స్టాక్‌హోమ్‌లోని మైట్ అండ్ డిలైట్ స్టూడియో 2013లో తెచ్చిన ‘షెల్టర్’నే తీసుకోండి. మీరొక బ్యాడ్జర్ తల్లి, అంటే బొరియల్లో బతికే ఒక చిన్న చారల జంతువు. వెనకాల ఐదు పిల్లలు. తెర మీద మ్యాపు లేదు, స్కోరు లేదు. అన్నిటికంటే ముఖ్యం, తల్లికి ప్రాణాన్ని చూపించే గీత లేదు. తల్లి ఆకలి ఈ ఆటలో లెక్కలోకే రాదు. పిల్లల ఆకలి మాత్రం వాటి ఒంటి మీదే కనిపిస్తుంది. కడుపు మాడేకొద్దీ నలుపు తెలుపు చారల రంగు వెలిసిపోయి పిల్ల పాలిపోతుంది. మొదటి సన్నివేశమే అది. బొరియలో ఒక పిల్ల కదలకుండా పడి ఉంటుంది. ఒక టర్నిప్ పీకి తెచ్చి దాని ముందు పెడితేగానీ కథ కదలదు.

కొత్తగా ఆడేవాళ్లు ఇక్కడే తప్పు చేస్తారు. తిండి దొరగ్గానే నోట్లోంచి వదిలేస్తారు. దగ్గరున్న పిల్ల, అంటే బలంగా ఉండి ముందు పరిగెత్తగలిగిన పిల్ల, అందుకుని తినేస్తుంది. వెనకబడ్డది మరింత వెనకబడుతుంది. నాలుగైదు సార్లు ఇలా జరిగితే ఒక పిల్ల బొద్దుగా, ఒక పిల్ల బూడిద రంగులో మిగులుతాయి. ఇందుకు పద్ధతి ఒకటే. తిండి నోట్లో ఉన్నప్పుడు ఆగండి, వెనక్కి తిరగండి, ఐదింటినీ చూడండి. ఏది ఎక్కువ పాలిపోయిందో దాని దగ్గరికి నడిచి, సరిగ్గా దాని మూతి ముందు వదలండి. టర్నిప్‌లు నేలలో ఉంటాయి, లాగాలి. యాపిళ్లకు చెట్టును ఢీకొట్టాలి. కప్పలూ ఎలుకలూ కదిలే తిండి కాబట్టి దూరం నుంచే ఉరికితే పారిపోతాయి. గడ్డిలో నింపాదిగా దగ్గరికి వెళ్లి చివర్లో మాత్రమే దూకాలి.

ఆకలి ఒకటే అయితే నిదానంగా నెగ్గుకు రావచ్చు. ఆట ఆ నిదానాన్ని ఉండనివ్వదు. బయలు ప్రదేశంలో ఆకాశం నుంచి గద్ద కాపు కాస్తుంది. పొడుగు గడ్డి నుంచి పొడుగు గడ్డికి దాటాలి. తల్లి దాటేసి పిల్లల్ని మరిచిపోతే చివరి పిల్ల పోతుంది. రాత్రి భాగంలో చీకట్లో ఏదో చప్పుడవుతుంది. పిల్లలు బెదిరి చెల్లాచెదురవుతాయి. వాటిని మళ్లీ దగ్గరికి చేర్చుకోవాలి. నది దగ్గర ఉప్పెనలా వచ్చే నీటి మధ్య ఖాళీ చూసి దాటాలి. కార్చిచ్చులో మాత్రం ఈ జాగ్రత్తలన్నీ తలకిందులు, అక్కడ ఆగి లెక్క పెట్టుకునే తల్లి పిల్లల్ని పోగొట్టుకుంటుంది. ఎక్కడా కొత్త మీట ఒక్కటీ నేర్పకుండా, అదే నడక, అదే పరుగుతో ఐదు రకాల భయాలు పుట్టించారు. ఆ పొదుపును మెచ్చుకోకుండా ఉండలేం.

ఇక అసలు విషయం. ‘షెల్టర్’లో ఒక పిల్ల చనిపోతే ఆట తేలికవుతుంది. ఇది ఎవరూ గట్టిగా చెప్పరు, చెప్పడానికి మనసొప్పదు కాబట్టి. ఒక్కో ప్రాంతంలో దొరికే తిండికి ఒక హద్దుంది. నోళ్లు ఐదు నుంచి నాలుగైతే మిగిలినవాటి వాటా పెరుగుతుంది. తోకల్ని లెక్కపెట్టడం తగ్గుతుంది, గద్ద కింద దాటడం వేగంగా సాగుతుంది. ఆట మీకు శిక్ష వేయదు, మార్కులు కోయదు. పోయిన పిల్ల తిరిగి రాదు, అంతే. పాలిపోయిన పిల్ల ముందు టర్నిప్ పెట్టాలా, బతికే అవకాశం ఎక్కువున్న దానికి పెట్టాలా అన్న ప్రశ్న మీ చేతుల్లో ఉంటుంది. ఎవరికీ పెట్టకపోవడం కూడా నిర్ణయమే అవుతుంది.

ప్రకృతి శాస్త్రంలో ఇది పాత సంగతే. తిండి చాలని సంవత్సరాల్లో కొన్ని పక్షుల గూళ్లలో పిల్లల సంఖ్య ఎందుకు తగ్గుతుందో బ్రిటిష్ పక్షి శాస్త్రవేత్త డేవిడ్ ల్యాక్ గత శతాబ్దం మధ్యలోనే వివరించాడు. తల్లి ముందే ఎక్కువ గుడ్లు పెడుతుంది. తిండి బాగుంటే అన్నీ పెరుగుతాయి, లేకపోతే చివర గుడ్డులోంచి వచ్చిన పిల్ల పోతుంది. పుస్తకంలో చదివితే ఇది సిద్ధాంతం. టర్నిప్ నోట్లో పెట్టుకుని ఐదు మూతుల ముందు నిలబడితే వేరు. ఆటకు ఉన్న శక్తి అదొక్కటే, దాన్ని ఇక్కడ పూర్తిగా వాడారు. అందుకే పిల్ల చనిపోగానే వెనక్కి వెళ్లే వీలు కావాలని అడిగేవాళ్లతో ఒప్పుకోలేం. వెనక్కి వెళ్లగలిగిన తల్లికి నిర్ణయాలు ఉండవు, ప్రయత్నాలు మాత్రమే ఉంటాయి.

ఎదుటి వాదన కూడా ఉంది. ఇవి రెండు మూడు గంటల్లో అయిపోయే చిన్న ఆటలు, పదే పదే అదే పని, పైగా శాస్త్రం ప్రకారం తప్పులతడకలు అంటారు. చివరిది కొంత నిజమే. యూరప్ బ్యాడ్జర్లు గుంపుగా ఒకే బొరియల సముదాయంలో బతుకుతాయి, వాటి ప్రధాన ఆహారం వానపాములు, టర్నిప్‌లు కావు. ‘ఎండ్లింగ్’లో తల్లి ఒంటరి నక్క, నిజానికి నక్కల్లో మగది కూడా ఆడదానికీ పిల్లలకూ తిండి మోస్తుంది. ఒంటరి తల్లి అనేది ఆట కోసం చేసిన కల్పన. సరే. తిండి పేరు తప్పు, లెక్క మాత్రం ఒప్పు.

శాస్త్రం కచ్చితంగా కావాలనుకునేవాళ్లకు ‘వుల్ఫ్‌క్వెస్ట్’ ఉంది. మిన్నెసోటా జూ భాగస్వామ్యంతో 2007లో వచ్చింది, అమెరికాలోని ఎల్లోస్టోన్ జాతీయ పార్కు తోడేళ్ల మీద. అక్కడ తల్లి తిండిని నోట్లో పట్టుకుని రావడమే కాదు, కడుపులో మోసుకొచ్చి కక్కి పెడుతుంది. తల్లీ తండ్రీ ఇద్దరూ వేటకు పోతే గుహకు కాపలా ఉండదు. గద్దో, కయోటీ అనే చిన్నపాటి తోడేలు జాతి జంతువో, ఎలుగుబంటో వచ్చి పిల్లల్ని ఎత్తుకుపోతుంది. సరిహద్దులకు మూత్రంతో గుర్తులు వేయడం మానేస్తే పక్క గుంపు లోపలికి జరుగుతుంది. మైట్ అండ్ డిలైట్ వాళ్లే 2015లో తెచ్చిన ‘షెల్టర్ 2’లో లింక్స్ (పెద్ద అడవి పిల్లి) తల్లికి పరుగులో దమ్ము త్వరగా అయిపోతుంది. కుందేలును మైదానం ఆ చివర నుంచి తరిమితే అది వంకరటింకరగా తిరిగి మిమ్మల్ని అలసగొడుతుంది. పసిగట్టే చూపుతో ముందు దాన్ని కనిపెట్టి, పాకుతూ సగం దూరం తగ్గించుకుని, ఆ తర్వాతే దూకాలి. వేట గురి తప్పితే పోయేది కుందేలు ఒక్కటే కాదు, తర్వాతి వేటకు కావాల్సిన దమ్ము కూడా.

వీటన్నిటిలోకీ ఈ రోజు మనకు దగ్గరగా ఉన్నది ‘ఎండ్లింగ్’. బార్సిలోనాకు చెందిన హీరోబీట్ స్టూడియోస్ 2022లో విడుదల చేసింది. 2023లో బాఫ్టా గేమ్స్ అవార్డు కూడా గెలుచుకుంది. భూమ్మీద చివరి ఆడ నక్క, నాలుగు పిల్లలు, అందులో ఒకదాన్ని మనిషి ఎత్తుకుపోతాడు. ఇక్కడ అసలు శత్రువు గడియారం. చీకటి పడ్డాక బొరియ వదలాలి, తెల్లారేలోపు చేరాలి. చేప, ఎలుక, గుడ్లు, బెర్రీలు, చెత్త సంచులు, దొరికిందల్లా తిండే. అనుభవం లేనివాళ్లు తప్పిపోయిన పిల్ల వాసన వెంటబడి రాత్రి సగం దాటేదాకా పోతారు, తిరుగుదారిలో ఉచ్చులు ఎదురవుతాయి, ఆకలి గీత అడుగంటుతుంది. సగం రాత్రిలోపే వెనక్కి తిరగాలన్నది మొదట పెట్టుకోవాల్సిన నియమం. బొరియకు దగ్గరున్న తిండిని కష్టకాలానికి ఉంచుకుని ముందు దూరంలోనిది వెతకడం రెండోది. ఇన్ని చేసినా మీ దారి రోజురోజుకూ ఇరుకవుతుంది. నిన్న చెట్లున్న చోట ఇవాళ నరికిన మోడులు, కొత్త మనుషులు. మీ తెలివి పెరుగుతున్న వేగం కంటే మీ అడవి తగ్గుతున్న వేగం ఎక్కువ.

ఇక్కడి నుంచి నల్లమలకు పెద్ద దూరం లేదు. ఆవు-పులి కథ చిన్నప్పటి నుంచీ వింటున్నాం. దూడకు పాలిచ్చి వస్తానన్న ఆవు మాట నిలబెట్టుకుంటుంది. ఆ పులి ఆడదా మగదా, దానికి ఇంటి దగ్గర కూనలున్నాయా అని మాత్రం ఎవరూ అడగరు. ఇప్పటికీ అడగడం లేదు. ‘పులి సంచారం, భయాందోళనలో గ్రామస్థులు’ అనే శీర్షిక కింద తల్లి పులి, ఒంటరి మగ పులి ఒకటే. నాలుగేళ్లకోసారి వచ్చే పులుల గణన గురించి పండగ చేసుకుంటాం. 2022 అంచనాలో దేశంలో 3,682. ఏడాది దాటని కూనలు ఆ లెక్కలోకి రావు. తలల్ని లెక్కపెడుతున్నాం, పెంచుతున్న తల్లుల్ని కాదు.

2023 మార్చిలో నంద్యాల జిల్లా పెద్ద గుమ్మడాపురం దగ్గర నాలుగు పులి కూనలు తల్లి లేకుండా దొరికాయి. తల్లితో (అటవీ శాఖ దానికి పెట్టిన గుర్తు టీ-108) కలపాలని అటవీ సిబ్బంది రాత్రింబవళ్లు ప్రయత్నించినా కుదరలేదు. కూనల్ని తిరుపతి జూకు తరలించారు. సిబ్బందిని తప్పుపట్టేదేమీ లేదు. కానీ ఆ నాలుగు రోజులూ టీవీల ముందు కూర్చున్న మనం ‘తల్లి వస్తుందా’ అని మాత్రమే అడిగాం. తల్లి ఎంత దూరం వేటకు పోవాల్సి వస్తోంది, దారిలో ఏముంది అని అడగలేదు. పెద్ద పులికి ఏడాదికి దాదాపు 50 జింకల పాటి వేట కావాలి. కూనలున్న తల్లికి అంతకంటే ఎక్కువ. ఆ వేటంతా చాలావరకు చీకట్లోనే జరగాలి, ఆ చీకట్లోనే అడవి పందుల కోసం పెట్టిన ఉచ్చులూ కరెంటు తీగలూ ఉంటాయి.

అందుకే నల్లమల గుండా పోయే హైదరాబాద్-శ్రీశైలం రోడ్డు మీద రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు వాహనాలు ఆపడాన్ని అసౌకర్యంగా చూసేవాళ్ల మాట చెల్లదు. నిషేధం ఎత్తేయాలనో, గంట తగ్గించాలనో అప్పుడప్పుడూ వినిపిస్తూనే ఉంటుంది. ఆ గంట విలువ ఎంతో ‘ఎండ్లింగ్’ ఆడిన పదిహేనేళ్ల పిల్లాడికి తెలుసు. పులి తన పసికూనల్ని చోటు మార్చేటప్పుడు మెడ దగ్గర నోట కరుచుకుని ఒక్కొక్కదాన్నే మోస్తుంది. నాలుగు కూనల్ని రోడ్డుకు ఈ పక్క నుంచి ఆ పక్కకు చేర్చాలంటే నాలుగుసార్లు వెళ్లాలి, మూడుసార్లు తిరిగి రావాలి. మొత్తం ఏడుసార్లు దాటాలి. తొమ్మిదింటికి గేటు వేసేది ఆ ఏడుసార్ల కోసం. పది గంటలకు వేద్దామనేవాళ్లు అందులో ఎన్నోసారి దాటేటప్పుడు తమ బండి అక్కడ ఉండాలనుకుంటున్నారో చెప్పాలి.