సైనిక మందుల ఇండెంట్ ఫారం గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఇండెంట్ ఫారం గారికి,

నమస్కారాలు. పటాలానికి ఏ మందు ఎంత కావాలో స్టోర్స్‌ని అడిగే కాగితం తమరు. మూడు ప్రతుల్లో, కార్బన్ కాగితాల నడుమ, సంతకం కోసం ఎదురుచూస్తూ తమరు క్షేమంగా ఉన్నారని తలుస్తాం. గుర్రబ్బళ్లు పోయి ట్రక్కులొచ్చాయి. సీసాల చెక్కపెట్టె పోయి రేకు పట్టీల్లో మాత్రలొచ్చాయి. తమరు మాత్రం చెక్కుచెదరలేదు. సైనిక వైద్యచరిత్ర రాసేవాళ్లు శస్త్రవైద్యుల్ని పొగుడుతారు, నర్సుల్ని పొగుడుతారు, మందు కనిపెట్టినవాళ్లని నెత్తిన పెట్టుకుంటారు. ఆ మందు గాయపడినవాడి దాకా వచ్చిందా, ఓడలోనే ఉండిపోయిందా అన్నది తేల్చే తమకి మాత్రం ఒక్క దండ వేసిన పాపాన పోలేదు. ఆ లోటు తీర్చుదామనే ఈ ఉత్తరం.

ముందు తమ లెక్కల పాండిత్యం గురించి. నెలకి సగటున 40 ప్యాకెట్లు ఖర్చవుతుంటే, ఆరు నెలల వాడకం, సరుకు వచ్చేలోపు మూడు నెలలు, బఫర్ స్టాక్, అంటే అవసరానికని దాచే అదనపు నిల్వ, రెండు నెలలు, వెరసి పదకొండు నెలలకి 440. చేతిలో ఉన్నవి 90, దారిలో ఉన్నవి 50 తీసేస్తే అడగాల్సింది 300. ఎంత శుభ్రమైన లెక్క! చిక్కల్లా ఆ మొదటి 40 దగ్గరే. అది నిరుటి ఖర్చు. నిరుడు యుద్ధం లేదు. శాంతికాలంలో పటాలం వాడేది దగ్గుమందు, నొప్పి మాత్రలు, పాదాల పుళ్లకి పూత. అందుకని మొదటి గుండు పేలిన రోజున స్టోర్స్ నిండా దగ్గుమందు ఉంటుంది, గాయాల నొప్పి ఆపే మార్ఫిన్ ఉండదు. పైగా సరుకు అయిపోయి ఇవ్వలేకపోయిన నెలల్ని కూడా తమరు 'ఖర్చు సున్నా' అనే లెక్కేస్తారు. దొరకని మందు ఎవరికీ అక్కర్లేదని తేల్చిపారేయడం తమకి తప్ప ఎవరికి చేతనవుతుంది?

ఇక యూనిట్ గడి. అక్కడ 'మాత్ర' అని ఉందా, 'వంద మాత్రల డబ్బా' అని ఉందా చూడకుండా గుమాస్తా 500 అని రాస్తే ఐదు వందల డబ్బాలు దిగుతాయి. తిరగేసి రాస్తే దండు మొత్తానికి ఐదు డబ్బాలొస్తాయి. రెండింటికీ సంతకాలు సక్రమంగానే ఉంటాయి.

తమ ప్రతాపం పూర్తిగా కనిపించింది రష్యామీద బ్రిటన్ చేసిన క్రిమియా యుద్ధంలో. 1854 డిసెంబర్ 10న ఒక ఓడ బ్రిటిష్ సైన్యం వాడుకునే బాలక్లావా రేవుకి సుమారు 20,000 పౌన్ల బరువు నిమ్మరసం తెచ్చింది. తాజా పళ్లు, కూరలు లేక వచ్చే స్కర్వీ జబ్బుతో సైనికుల చిగుళ్లు వాచి పళ్లు ఊగుతున్న చలికాలం అది. ఆ జబ్బుకి ఈ రసం పనిచేస్తుందని తెలిసే బ్రిటిష్ నౌకాదళం 1795 నుంచీ తన మనుషులకి పోస్తోంది. బాలక్లావాలో మాత్రం ఫిబ్రవరి దాకా రోజువారీ రేషన్‌లో చేరలేదు. సరుకుల శాఖ దృష్టిలో అది వైద్యులు అడిగితే ఇచ్చేది. సరుకు వచ్చిందని వైద్యులకి కబురు చెయ్యడం తన పని కాదని ఆ శాఖ నమ్మకం. అడగనిది ఇవ్వరు, ఉందని తెలియనిది అడగరు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్న సామెత ఏ రేవులో పుట్టిందో ఊహించడం కష్టమేమీ కాదు.

1898లో అమెరికా సైన్యం క్యూబా బయల్దేరినప్పుడు ఫ్లోరిడాలోని టాంపా రేవులో ఇంకో ముచ్చట జరిగింది. వందల రైలు పెట్టెలు వచ్చి నిలబడ్డాయి, వాటి సరుకు జాబితాలు మాత్రం రాలేదు. ఏ పెట్టెలో ధాన్యముందో, ఏ పెట్టెలో బట్టలున్నాయో తెలుసుకోవడానికి అధికార్లు సీళ్లు పగలగొట్టుకుంటూ తిరిగారు. ఓడలో మందుల పెట్టెలు ముందుగా ఎక్కించి వాటిమీద మిగతా బరువంతా పేర్చితే, గట్టుకి చేరాక చివరగా దిగేవి అవే. ముందు కావలసినదాన్ని చివర ఎక్కించాలన్న చిన్న విషయం నేర్చుకోవడానికి సైన్యాలకి చాలా ఓడలు పట్టాయి.

తమని నిజంగా అవమానించినవాడు ఒకడున్నాడు, జొనాథన్ లెటర్‌మన్. అమెరికా అంతర్యుద్ధంలో, 1862లో, ఉత్తరాది పక్షపు పోటోమాక్ సైన్యానికి మెడికల్ డైరెక్టర్‌గా వచ్చాడు. అప్పటిదాకా ప్రతి రెజిమెంటూ మూడు నెలల మందులు తన బళ్లమీద మోసుకునేది. నడక మొదలైతే బురదలో ముందు వదిలేసేది ఆ బళ్లనే. లెటర్‌మన్ అక్టోబర్‌లో ఉత్తర్వు ఇచ్చి లెక్క మార్చేశాడు. ఒక నెల సరుకు చాలు, అదీ కొన్ని రెజిమెంట్లు కలిసిన బ్రిగేడ్ బండిలో. రెజిమెంటుకి ఒక మందుల పెట్టె, డాక్టరుకి వీపున ఒక సంచీ. అయిపోతే బ్రిగేడ్ సర్జన్‌ని చీటీ ముక్కమీద అడిగి తెచ్చుకోవచ్చు, పెద్ద ఫారాల తతంగం వద్దు, జవాబుదారీ అంతా ఆ బ్రిగేడ్ సర్జన్‌దే. తమరు ఆ రోజు అన్నం ముట్టి ఉండరు. మందులు వృథా పోవడం తగ్గి, అందడం పెరిగిందని విని ఇంకా బాధపడి ఉంటారు.

అయితే తమ అన్నగారు, అంటే మంజూరైన మందుల జాబితా గారు, ఆ మరుసటి ఏడే పగ తీర్చుకున్నారు. సైన్యం వైద్యశాఖకి అధిపతి, సర్జన్ జనరల్ విలియం హామండ్ 1863 మేలో కాలొమెల్ అనే పాదరసం మందునీ, టార్టార్ ఎమెటిక్ అనే వాంతుల మందునీ జాబితాలోంచి కొట్టేశాడు. పాదరసం తిని నోటి నిండా చొల్లు కారి, దవడలు కుళ్లిన సైనికుల్ని చూసి చేసిన పని. విషాన్ని మాన్పించడానికి డాక్టర్లతో వాదించనక్కర్లేదు, ఇండెంట్ పెట్టే వీలు లేకుండా చేస్తే చాలని కనిపెట్టిన తెలివైనవాడు. డాక్టర్లు భగ్గుమన్నారు. 1864లో, పేరుకి కొనుగోళ్ల అక్రమాల అభియోగం మీద, సైన్యం అతన్ని కోర్టు మార్షల్ చేసి ఉద్యోగం ఊడబెరికింది. జాబితాలో చేర్చినవాడికి శిక్ష పడ్డట్టు మాకైతే గుర్తులేదు.

తమకి పరిమాణం తెలుసు గానీ రక్తనాళాల సంగతి తెలియదు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికన్ సైనికులకి ఇచ్చిన మార్ఫిన్ గొట్టంలో అర గ్రెయిన్, అంటే సుమారు 32 మిల్లీగ్రాములు, ఉండేది. సూదితో సహా ఉన్న ఆ గొట్టాన్ని చర్మం కింద గుచ్చి పిండడమే. చలికి, రక్తస్రావానికి బిగుసుకుపోయిన మనిషిలో చర్మం కింద రక్తం సరిగా ఆడదు, మందు అక్కడే నిలిచిపోతుంది. నొప్పి తగ్గలేదని ఇంకోటి పొడుస్తారు. తర్వాత ఒళ్లు వెచ్చబడి రక్తప్రసరణ అందుకోగానే రెండూ ఒక్కసారి ఎక్కి ఊపిరి ఆగుతుంది. అందుకే వాడేసిన గొట్టాన్ని అతని కాలర్‌కే గుచ్చేవారు, వెనక వచ్చేవాడు లెక్కపెట్టుకోవాలని. ఆ యుద్ధంలో నమ్మదగిన స్టాక్ రిజిస్టర్ అదొక్కటే అనిపిస్తుంది.

గడువు తేదీ విషయంలో మాత్రం తమతో కొంచెం ఏకీభవిస్తాం. అమెరికా రక్షణ శాఖ 1986 నుంచి, గడువు దగ్గరపడ్డ నిల్వల్ని పారేసేముందు లాట్ల వారీగా, అంటే ఒక్కో తయారీ విడతగా, పరీక్ష చేయిస్తోంది. 2006లో వెలువడిన లెక్క ప్రకారం 122 మందుల 3,005 లాట్లలో 88 శాతానికి కనీసం ఏడాది పొడిగింపు దొరికింది. అది సీలు విప్పకుండా, సరైన వేడిలో దాచిన సరుకు సంగతి. ఎండలో ట్రక్కులో మగ్గిన పెట్టెకి ఈ లెక్క వర్తించదు. ముందొచ్చింది ముందు ఇవ్వడం కూడా చాలదు. నిన్న వచ్చిన బ్యాచ్ గడువు మొన్నటి దానికన్నా ముందే తీరొచ్చు. చూసుకోవలసింది వచ్చిన తేదీ కాదు, పోయే తేదీ.

చివరిగా ఒక మనవి. 1942లో, మలేరియా మందు క్వినైన్ ఇచ్చే చెట్లు పెరిగే జావా దీవి జపాన్ చేతికి పోవడంతో మిత్రదేశాలకి ఆ మందు దాదాపు ఆగిపోయింది. బదులుగా మెపాక్రిన్ మాత్రలు వచ్చాయి. ఒళ్లు పసుపుపచ్చగా మారేది, మగతనం పోతుందన్న పుకారు దానికి తోడైంది. సైనికులు మాత్ర తీసుకుని పొదల్లో పారేసేవారు. రిజిస్టర్‌లో మాత్రం అంతా ఖర్చు! బర్మాలో బ్రిటిష్ సేనాని జనరల్ స్లిమ్ చెప్పాపెట్టకుండా పటాలాలకి పటాలాల్నే పరీక్ష చేయించాడు. మందు మింగినట్టు తేలినవాళ్లు 95 శాతానికి తగ్గితే కమాండింగ్ అధికారిని పీకేసేవాడు. ముగ్గురితో సరిపోయింది. తమ కాలమ్‌లలో 'జారీ అయినవి' ఉంది, 'మింగినవి' ఇప్పటికీ లేదు. ఈసారి అచ్చు వేయించేటప్పుడు ఆ గడి పెట్టించండి. చోటు చాలదంటే మూడో ప్రతి ఎక్కడికి పంపాలో చెప్పే గడి తీసేయొచ్చు.

ఇట్లు,
తమ నకళ్లతో బీరువాలు నిండిపోయిన
స్టోర్స్ వాళ్లు