డేటా బైండింగ్ గారికి, ఖాళీ గడి గురించి

విండోస్ ప్రోగ్రాముల తెరలు కట్టే డబ్ల్యూపీఎఫ్‌లో, కోడ్‌లోని విలువల్ని తెర మీది గడులకి ముడేసే మహారాజశ్రీ డేటా బైండింగ్ గారికి నమస్కరించి రాయునది ఏమనగా,

ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెట్టడం ఆనవాయితీ. నిన్న మధ్యాహ్నమే క్లయింట్‌కి డెమో ఇచ్చి వచ్చాం కాబట్టి ఆ మాట రాయలేకపోతున్నాను. మీరు మాత్రం క్షేమంగానే ఉండి ఉంటారు. మీకేమైనా అయినా మాకు చెప్పరు కదా.

భవనాల డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో మా ప్లగ్-ఇన్ (దానికి తగిలించే అదనపు ప్రోగ్రామ్) ప్యానెల్ ఉంది చూశారూ, అందులో గోడ మందం గడి. 230 (మి.మీ.) అని రావాలి. తొమ్మిదంగుళాల ఇటుక గోడ, అంతకంటే మామూలు విషయం ఇంకోటి లేదు. క్లయింట్ గోడ మీద క్లిక్ చేశారు. పొడవు వచ్చింది, ఎత్తు వచ్చింది, మందం దగ్గర తెల్లగా ఖాళీ. "ఈ గోడకి మందం ఉండదాండీ?" అన్నారాయన, ఎంతో మర్యాదగా.

టీమ్‌లో ఎవరో కోడ్‌లో మందం విలువ ఉండే ప్రాపర్టీ పేరు మార్చారు. ప్యానెల్ ఎలా కనబడాలో రాసే జామెల్ (XAML) ఫైల్‌లో పాత పేరే ఉండిపోయింది. ఒక్క సెమీకోలన్ లేకపోతే ఇల్లు పీకి పందిరేసే కంపైలర్ దీన్ని చూసీ చూడనట్టు వదిలేసింది. దాని దృష్టిలో మీ పాత్ (ఏ ప్రాపర్టీని చూపాలో చెప్పే పేరు) ఒట్టి స్ట్రింగ్, అంటే ఉత్త అక్షరాల వరుస. సరే, అది దాని పాపం. రన్ అయ్యేటప్పుడైనా మీరు నోరు విప్పాలి కదా? ఆ పేరు కోసం వెతికింది మీరు, దొరకలేదని తెలిసింది మీకు. తెలిసీ బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నారు.

"మీరు కోడ్ రాసే విజువల్ స్టూడియోలో, అవుట్‌పుట్ విండోలో రాశాగా" అంటారు. రాశారండీ. సిస్టమ్ విండోస్ డేటా ఎర్రర్ 40, పాత్ ఎర్రర్ అని. అది కనబడాలంటే తప్పులు వెతికే డీబగ్గర్ తగిలించి ఉండాలి. మామూలు ప్రోగ్రామ్‌కైతే ఎఫ్5 నొక్కితే సరి. మాది ప్లగ్-ఇన్ స్వామీ! హోస్ట్, అంటే ఆ డిజైన్ సాఫ్ట్‌వేర్, మా డీఎల్ఎల్‌ని (ప్లగ్-ఇన్ ఫైలుని) పట్టుకుందంటే తను మూతపడేదాకా వదలదు. చిన్న మార్పు చెయ్యాలన్నా హోస్ట్‌ని మూసి, బిల్డ్ చేసి, మళ్లీ తెరిచి, "ఈ ప్లగ్-ఇన్‌ని నమ్ముతారా?" అంటే అవునని అబద్ధం చెప్పి, మోడల్ లోడయ్యేలోపు టీ తాగొచ్చి, డీబగ్గర్ తగిలించాలి. అప్పుడు హోస్ట్ సొంత గోల మధ్య ఎక్కడో మీ ఒక్క లైను. క్లయింట్ మెషీన్‌లో అదీ లేదు.

పోనీ మీకు నోరే లేదనుకుందామంటే, అదీ కాదు. అదే గడిలో పాపం యూజర్ అంకెకి బదులు అక్షరం కొట్టి పక్క గడికి వెళ్లాడో, చుట్టూ ఎర్ర గీత గీసి పరువు తీస్తారు. యూజర్ తప్పుకి ఎర్ర గీత, మీ తప్పుకి తెల్ల ఖాళీ! ఆ ఎరుపు ఇక్కడ కూడా కాస్త పూస్తే ఏం పోయింది? కావాలంటే ఫాల్‌బ్యాక్ వాల్యూ, అంటే మీరు విఫలమైతే బదులు చూపే విలువ, పెట్టుకోమంటారు. అంటే నువ్వు తెగిపోతావని ముందే ఊహించి, నీ బదులు సంజాయిషీ నేను రాసిపెట్టాలా, ప్రతి గడికీ? 2006లో డాట్‌నెట్ 3.0తో వచ్చావు. నీ వైఫల్యాలు చూపించడానికి విజువల్ స్టూడియోలో ప్రత్యేకంగా ఒక విండోనే పెట్టాల్సి వచ్చింది. సిగ్గనిపించదా?

మిగతావి టూకీగా. విండోస్‌లో ఇండియా అని ఉన్నా తేదీని అమెరికా పద్ధతిలోనే, నెల ముందు పెట్టి చూపిస్తావు. ఏప్రిల్ 3 కాస్తా సైట్ ఇంజనీరుకి మార్చి 4 అయింది. టెక్స్ట్‌బాక్స్‌లో కొట్టింది ఫోకస్ పోతేనే (కర్సర్ ఆ గడి వదిలి వెళ్తేనే) తీసుకుంటావు, టూల్‌బార్‌లో సేవ్ నొక్కితే మాత్రం ఫోకస్ పోయినట్టు కాదంటావు. సరే, అక్షరం అక్షరానికీ తీసుకో అంటే దశాంశ చుక్క మింగేస్తావు. 12.5 మి.మీ. జిప్సం బోర్డు 125 అయి కూర్చుంటుంది.

నిన్ను పీకేసి అన్నీ కోడ్‌తోనే నింపుదామని రాత్రి మొదలుపెట్టాను. స్లయిడర్ గడిని మార్చింది, గడి స్లయిడర్‌ని మార్చింది, రెండూ కలిసి హోస్ట్‌ని బిగుసుకుపోయేలా చేశాయి. నువ్వున్నప్పుడు ఒకటి కదిపితే విస్తీర్ణం, ఇటుకల లెక్క వాటంతటవే మారేవి. ఆ సుఖం మరిగిన ప్రాణం నాది, ఏం చేస్తాం. పొద్దున్నే నిన్ను మళ్లీ తెచ్చి పెట్టుకున్నాను.

ఇట్లు,
ఒక ప్లగ్-ఇన్ డెవలపర్

తా.క.: ఈసారి నీ మీద, నీ ఎర్రర్ మాటలు వినే ఒక ట్రేస్ లిజనర్‌ని కాపలా పెట్టాను. ఎర్రర్ 40 అని గొణిగావో, స్క్రీన్ మధ్యలో మెసేజ్ బాక్స్ వస్తుంది. పెట్టిన నిమిషంలోనే ఒకటి వచ్చింది. మా ప్యానెల్‌ది కాదు, హోస్ట్ వాళ్ల సొంత విండోది. వాళ్లకీ చెప్పలేదన్నమాట.